సెమొంకాంగ్ గుర్రాలు: బోర్డు లేని ఒక సర్వీసు గురించి

ఈ సర్వీసుకి బోర్డు లేదు, ఆఫీసు లేదు, రసీదు పుస్తకమూ లేదు. లెసోతో దేశంలో సెమొంకాంగ్ అనే చిన్న కొండ ఊరుంది. దానికి కాస్త అవతల ఒక పల్లెవాళ్లు తమ సొంత గుర్రాలనే వంతులవారీగా అద్దెకిస్తారు. వాళ్లలోనే ఒకాయన దారి చూపించడానికి వెంట వస్తాడు. రాత్రికి వాళ్ల బంధువుల ఊళ్లో ఒక గుడిసెలో పడక. రెండు పగళ్లు, ఒక రాత్రి. ఏప్రిల్లో ఈస్టర్ సెలవులకి నేనూ, పదహారేళ్ల మా అమ్మాయీ వెళ్లొచ్చాం. ఇంతకుముందు మేమిద్దరం గుర్రం ఎక్కిందే లేదు.

ముందే చెప్పేస్తాను, నేను మళ్లీ వెళ్తాను. రెండు విషయాల్లో మాత్రం వాళ్లు మారాలి. అవి కూడా దాచకుండా రాస్తాను.

నేను జొహానెస్‌బర్గ్‌లో లెక్కల ఉద్యోగం చేస్తాను. నాలుగేళ్లయింది వచ్చి. ఇక్కడ కొళాయి తిప్పితే వచ్చే నీళ్లలో చాలా భాగం లెసోతో కొండల నుంచి వస్తాయని మా ఆఫీసులో ఒకావిడ చెప్పేదాకా నాకు తెలియదు. 1986లో రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి. కాట్సె దగ్గర 185 మీటర్ల ఎత్తున డ్యాము కట్టారు, తర్వాత మొహాలె దగ్గర ఇంకోటి. కొండల అడుగున తవ్విన సొరంగాల్లోంచి 1998 నుంచి ఆ నీళ్లు వాల్ నదిలోకి వచ్చి పడుతున్నాయి. అందుకు దక్షిణాఫ్రికా లెసోతోకి డబ్బు కడుతుంది. రోజూ ఆ నీళ్లతో అన్నం వండుకుంటున్నాను, ఆ దేశం గురించి మాత్రం నాకు ఒక్క ముక్క తెలియదు. అది నన్ను చాలా రోజులు పీడించింది. అందుకే వెళ్లాను.

మ్యాపులో చూస్తే దక్షిణాఫ్రికా మధ్యలో ఎవరో గుండ్రంగా కత్తిరించినట్టు ఉంటుంది లెసోతో. నాలుగు వైపులా ఒకే దేశం చుట్టుకుని ఉన్న దేశాలు ప్రపంచంలో మూడే: వాటికన్, సాన్ మారినో, ఇది. మిగతా రెండూ చిటికెడంత ఉంటాయి. లెసోతో అలా కాదు, 30,355 చదరపు కిలోమీటర్ల దేశం, సుమారు 23 లక్షల జనం. దేశంలో ఏ చోటు చూసినా సముద్రానికి వెయ్యి మీటర్ల పైనే ఉంటుంది. ప్రపంచంలో అలాంటి దేశం ఇదొక్కటే. అన్నిటికన్నా పల్లంగా ఉన్న చోటే 1,400 మీటర్ల ఎత్తు.

లెసోతో రాజధాని మసేరు వంతెన దగ్గర సరిహద్దు దాటి, రోమా అనే యూనివర్సిటీ ఊరి మీదుగా సెమొంకాంగ్ చేరాం. మసేరు నుంచి సుమారు 120 కిలోమీటర్లు. తారు రోడ్డే, కానీ మలుపుల రోడ్డు. అది ఏప్రిల్, అక్కడ ఆకులు రాలే కాలం. రోడ్డుకి రెండు పక్కలా గులాబీ రంగు కాస్మోస్ పూలు. కొండ ఎక్కేకొద్దీ చెట్లు తగ్గిపోయి గడ్డి, రాయి, ఆకాశం మిగిలాయి.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికి గుర్రాలు సిద్ధంగా ఉంటాయన్నారు. పదింటికి వచ్చాయి. రాత్రి మేతకి కొండ మీదికి వదిలితే రెండు గుర్రాలు దూరం వెళ్లిపోయాయట, ఒక కుర్రాడు వెతుక్కుని తోలుకొచ్చాడు. చలిలో రెండు గంటలు రాయి మీద కూర్చున్నాం. ఆలస్యమవుతుందని ఎవరైనా వచ్చి ఒక్క మాట చెప్పి ఉంటే బాగుండేది. ఇది నా మొదటి ఫిర్యాదు.

గైడు యాభై ఏళ్ల మనిషి. బూడిద రంగు దుప్పటి భుజం మీద పిన్నుతో బిగించి, రబ్బరు బూట్లతో వచ్చాడు. నేను వెంటనే దారి గురించి, ఎన్ని గంటలు పడుతుందన్న దాని గురించి అడగబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపి, "డుమేలా, మ్మే" అన్నాడు. నేను తడబడి హలో అన్నాను. ఆయన మళ్లీ అదే మాట, ఇంకా నెమ్మదిగా. అప్పుడర్థమైంది నాకు, ఇక్కడ పలకరింపు అయ్యాకే పని. మొగవాళ్లని 'న్తాతె' అనాలి, అంటే నాన్న. ఆడవాళ్లని 'మ్మే', అంటే అమ్మ. మనం పేరు పక్కన గారు పెట్టినట్టు వాళ్లు ముక్కూమొహం తెలియని మనిషిని కూడా నాన్నా, అమ్మా అని మొదలుపెడతారు. ఆ రెండు రోజులూ ఆయన మాకు న్తాతె, నేను ఆయనకి మ్మే. ఇక్కడ కూడా ఆయన్ని అలాగే పిలుస్తాను.

వాళ్ల సెసోతో భాషలో ఆ పలకరింపు రాతలో 'లుమేలా' అని ఉంటుంది, పలకడం డుమేలా. లి, లు అని రాసినవి ది, దులాగా పలకాలి. దేశం పేరు కూడా మనం పత్రికల్లో రాసేది లెసోతో, వాళ్ల నోట వినిపించేది లెసూథు. చివర థకి ఒత్తు ఉంది. ఒక మనిషి మొసోతో, జనం బసోతో, భాష సెసోతో, దేశం లెసోతో. మాట ముందు భాగం మారితే అర్థం మారుతుంది, వెనక భాగం కదలదు. మా అమ్మాయి పావుగంటలో పట్టేసింది. ఇక వాళ్ల పెద్ద నది సెంకు పేరు మాత్రం మా ఇద్దరికీ నోరు తిరగలేదు. మధ్యలో నాలుకని అంగిలికి తగిలించి టక్కుమనిపించాలి. ఆ శబ్దానికి తెలుగులో అక్షరం లేదు.

ఇప్పుడు గుర్రాల సంగతి. బసోతో పోనీ అంటారు. పొట్టి కాళ్లు, వెడల్పు రొమ్ము, గట్టి గిట్టలు. 19వ శతాబ్దం మొదటి భాగంలో ఈ కొండలకి గుర్రాలు వచ్చాయి. ఒక్క తరంలో ఈ జనం గుర్రపుస్వారీ జాతిగా మారిపోయారు. ఎత్తులో, చలిలో, రాళ్లలో తిరిగి తిరిగి గుర్రాలు కూడా ఈ కొండలకి తగ్గట్టే తయారయ్యాయి. ఇప్పటికీ లోపలి ఊళ్లకి మందులూ మొక్కజొన్న పిండీ గుర్రాల మీదా గాడిదల మీదా వెళ్లడం మేం కళ్లారా చూశాం. సందర్శకులని ఎక్కించుకోవడం వాటికి అప్పుడప్పుడూ చేసే పనే. మిగతా రోజుల్లో అవి ఇంటి బళ్లు.

నా గుర్రం గోధుమ రంగుది, నుదుటి మీద తెల్ల మచ్చ. న్తాతె నాకు కళ్లెం ఎలా పట్టుకోవాలో చూపించి, ఆపాలంటే వెనక్కి, తిప్పాలంటే పక్కకి అని రెండే ముక్కలు చెప్పి బయల్దేరదీశాడు. ఇది నా రెండో ఫిర్యాదు, ఇది పెద్దది. కొత్తవాళ్లకి కనీసం పావుగంట నేర్పాలి. దిగుడులో వెనక్కి వాలాలనీ, ఎక్కుడులో ముందుకి వంగాలనీ, రికాబులో పాదం మొత్తం దూర్చకుండా మునివేళ్ల వెనక భాగం మాత్రం ఆనించాలనీ నాకు దారిలో తెలిసింది. హెల్మెట్లు రెండున్నాయి, రెండూ పెద్ద సైజువే. గంట గడిచాక ఒక దిగుడులో మా అమ్మాయి జీను పట్టీ వదులై జీను పక్కకి జారింది. పిల్ల గుర్రం మెడ పట్టుకుని ఆగింది. న్తాతె పరుగున వచ్చి దింపాడు. దెబ్బ తగల్లేదు, కానీ నా గుండె నోట్లోకొచ్చింది. ఆయన కోపం లేకుండా, సాకులు చెప్పకుండా, "తప్పు నాదే. కట్టాక గుర్రం ఊపిరి వదిలిందో లేదో చూసి మళ్లీ బిగించాలి. చూడలేదు" అన్నాడు. కడుతున్నప్పుడు గుర్రం పొట్ట ఉబ్బిస్తుందట. ఆ తర్వాత గంటకోసారి ఆగి మూడు జీన్లూ చేత్తో లాగి చూశాడు. ఆ మాటా, ఆ పనీ వల్లే నేను అక్కడి నుంచి వెనక్కి తిరగలేదు.

దారి అంటే పశువులు నడిచి నడిచి పడ్డ గీత. ఒక వైపు కొండ, ఒక వైపు లోయ. నేను కళ్లెం బిగపట్టినకొద్దీ గుర్రం తడబడింది. "దానికి వదిలెయ్యండి మ్మే, దారి దానికి తెలుసు" అన్నాడు న్తాతె. వదిలాను. అది తల కిందికి దించి ఒక్కో రాయినీ చూసుకుని అడుగు వేసింది. ఆ తర్వాతే నేను తలెత్తి చుట్టూ చూడగలిగాను. కారులో వచ్చినప్పుడు ఖాళీ అనిపించిన కొండల్లో ఎంతమంది మనుషులున్నారో అప్పుడు కనిపించింది. వాలులో గొర్రెల మంద, దాని పక్కన రాయి మీద దుప్పటి కప్పుకున్న కుర్రాడు. అవతలి గట్టున నీళ్ల బిందె నెత్తిన పెట్టుకున్న అమ్మాయి. ఎక్కడి నుంచో న్తాతెని పేరుపెట్టి పిలిచే కేక, ఈయన జవాబు కేక. లోయకి అటూ ఇటూ నిలబడి పంట గురించీ పెళ్లి గురించీ కబుర్లు చెప్పుకుంటారు. మధ్యలో కిలోమీటరు గాలి.

పశువుల కాపరి కుర్రాళ్ల దగ్గర మేం చాలాసేపు ఆగాం. పన్నెండు, పదమూడేళ్లుంటాయి. తలకి ఊలు ముసుగు, ఒంటికి దుప్పటి, కాళ్లకి రబ్బరు బూట్లు, చేతిలో కర్ర. ఎండాకాలంలో పై కొండల్లో రాతి గుడిసెల్లో నెలల తరబడి ఒంటరిగా మందతో ఉంటారు. ఈ దేశపు ఊలు, మొహేరు అనే అంగోరా మేకల బొచ్చు ఎగుమతి అవుతాయి. ఆ మందల్ని కాచేవాళ్లలో ఇలాంటి పిల్లలు ఎందరో. 2000 నుంచి ప్రాథమిక చదువు దశలవారీగా ఉచితం చేశారు. అయినా చాలామంది మగపిల్లలు మంద వెనకాలే వెళ్తారు, ఆడపిల్లలు బడికి వెళ్తారు. అందుకే లెసోతోలో చదవడం రాయడం వచ్చినవాళ్లలో ఆడవాళ్ల శాతం మగవాళ్లకన్నా ఎక్కువ. మా అమ్మాయి ఒక కుర్రాణ్ని బడి గురించి అడిగితే న్తాతె తర్జుమా చేశాడు. వాడు రెండేళ్లు వెళ్లాడట. పేరు రాయగలనని కర్రతో మట్టిలో రాసి చూపించాడు. ఆ అక్షరాలు సరిగ్గా, గుండ్రంగా ఉన్నాయి. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

వాడి దగ్గర లెసీబా ఉంది. ఒక కర్రకి బిగించిన తీగ, తీగ చివర చదును చేసిన పక్షి ఈక కాడ. ఆ కాడని పెదవుల దగ్గర పెట్టుకుని ఊపిరి పీలుస్తూ, వదులుతూ వాయిస్తారు. తీగ వాయిద్యమో, ఊదే వాయిద్యమో చెప్పడం కష్టం. పెద్ద తుమ్మెద లోయలో తిరుగుతున్నట్టు ఉంటుంది ఆ శబ్దం. మంద మొత్తం తల ఎత్తి వినింది.

పల్లెల్లోంచి వెళ్తున్నప్పుడు కొన్ని ఇళ్ల ముందు పొడుగాటి గెడకి గుడ్డ జెండా కట్టి ఉంటుంది. తెల్లదైతే ఆ ఇంట్లో ఆ రోజు జొన్న బీరు కాచారని అర్థం. వాళ్లు దాన్ని జ్వాలా అంటారు. ఎర్రదైతే మాంసం, పచ్చదైతే కూరగాయలు అమ్ముతారు. దుకాణం లేని ఊళ్లో జెండాయే దుకాణం. న్తాతె ఒక తెల్ల జెండా దగ్గర ఆగి ఒక డబ్బా తాగాడు. నేను రెండు గుక్కలు రుచి చూశాను, పులిసిన గంజిలా ఉంది, చిక్కగా. తాగి గుర్రం నడుపుతాడేమోనని నాకు టెన్షన్ పట్టుకుంది. అది గమనించి, ఇంక తాగనని ఆయనే చెప్పాడు. తాగలేదు.

మాలెట్సున్యానె జలపాతం మధ్యాహ్నం మూడింటికి కనిపించింది. సెమొంకాంగ్ అంటే పొగ చోటు అని అర్థం. నీటి తుంపర పొగలా లేస్తుంది కాబట్టి ఆ పేరు. 192 మీటర్లు ఒక్క దూకుడులో పడుతుంది. దాని పక్క నుంచే 204 మీటర్ల తాడు మీద దిగే ఏర్పాటు ఉంది, అందుకని ప్రపంచం నలుమూలల నుంచీ వస్తారు. మేం దిగలేదు, గట్టు మీద పొట్ట ఆనించి పడుకుని చూశాం. ఫొటోలు చాలా చోట్ల దొరుకుతాయి కాబట్టి ఇంతకన్నా రాయను.

రాత్రి సంగతి మాత్రం వివరంగా రాయాలి. ఈ సర్వీసులో అసలు విలువ అక్కడే ఉంది.

మాకిచ్చిన గుడిసెని మొఖోరో అంటారు. గుండ్రటి రాతి గోడ, గడ్డి కప్పు, పేడతో అలికిన నేల. వాకిలి చుట్టూ గోడ మీద తడి మట్టిలో వేళ్లతో గీసిన ముగ్గుల్లాంటి గీతలు. దితేమా అంటారు, ఆడవాళ్ల పని. వాన కడిగేస్తే మళ్లీ గీస్తారు. ఇంటావిడకి అరవై దాటి ఉంటాయి. చెట్లు లేని చోట పొయ్యిలోకి ఏం పెడతారా అనుకున్నాను. దొడ్లో పశువులు తొక్కి గట్టిపడ్డ పేడని ముక్కలుగా కోసి, ఎండబెట్టి, గోడలా పేర్చి ఉంచారు. పిడకల పొగ వాసన ముక్కుకి తగలగానే నాకు ఆ ఇల్లు కొత్తగా అనిపించలేదు.

తిండి పాపా, మొరోహో. పాపా అంటే మొక్కజొన్న పిండిని గట్టిగా ఉడికించిన ముద్ద. మొరోహో అంటే సన్నగా తరిగి నూనెలో మగ్గబెట్టిన ఆకుకూర. చేత్తోనే తుంచుకుని, కూరలో అద్దుకుని తినాలి. మేం శాకాహారులమని ముందే చెప్పాం, ఆమె ఇబ్బంది పడకుండా ఇంకో గిన్నెలో చిక్కుడు గింజలు కూడా ఉడకబెట్టింది. ఉప్పు తప్ప ఇంకే మసాలా లేదు. ఆకలి మీద అమృతంలా ఉంది. కారం కావాలనుకునేవాళ్లు పచ్చడి సీసా తీసుకెళ్లండి. మేం తీసుకెళ్లిన నిమ్మకాయ పచ్చడి న్తాతె మూడుసార్లు వేయించుకున్నాడు.

తిన్నాక ఆయన మొష్వేష్వే కథ మొదలుపెట్టాడు. ఈ దేశం పుట్టుకే ఆ రాజు. 1820ల్లో ఈ ప్రాంతమంతా యుద్ధాలు, కరువు, వలసలు. దాన్ని వాళ్లు దిఫాఖానె అంటారు. 1824లో మొష్వేష్వే తన జనాన్ని తీసుకుని థాబా బొసియు అనే నిటారు గోడల కొండ మీదికి చేరాడు. ఆ పేరుకి రాత్రి కొండ అని అర్థం. రాత్రయితే ఆ కొండ పెరుగుతుందని శత్రువులు నమ్మేవాళ్లట. ఆయన బతికున్నన్నాళ్లూ ఆ కొండని ఎవరూ పట్టుకోలేకపోయారు. అక్కడికి వెళ్లే దారిలో, ఆకలికి మనిషి మాంసం తినడం మొదలెట్టిన ఒక గుంపు ఆయన తాత పీటెని పట్టుకుని తినేసింది. తర్వాత ఆ గుంపు చిక్కింది. చంపేద్దామన్నారు అందరూ. "వీళ్ల పొట్టలే మా తాత సమాధి. సమాధిని తవ్వను" అన్నాడట రాజు. సమాధికి చేసే శుద్ధి వాళ్లకి చేయించి, బతకడానికి దారి చూపించి తన జనంలో కలుపుకున్నాడు.

ఇది చెప్తున్నప్పుడు న్తాతె గొంతు మారలేదు. ఇంటావిడ మాత్రం పిడక సర్దుతూ తల ఊపుతూనే ఉంది, చిన్నప్పటి నుంచి విన్నది మళ్లీ విన్నట్టు. చెల్లాచెదురైన ఎన్నో తెగలవాళ్లు ఆ రాజు దగ్గరికి చేరి బసోతో అనే ఒక్క జనం అయ్యారు. అందుకే ఈ దేశంలో దాదాపు అందరూ ఒకే భాష మాట్లాడతారు.

తర్వాత బోయర్లతో, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్చి సంతతి తెల్లవాళ్లతో, యుద్ధాలొచ్చాయి. మొహోకారె నదికి అవతల ఉన్న మంచి పంట నేల పోయింది. ఇప్పుడు దేశంలో సాగుకి పనికొచ్చేది దాదాపు పదో వంతే. మిగతాది కూడా పోతుందని తెలిసి ముసలి రాజు బ్రిటిష్ రాణి రక్షణ అడిగాడు, 1868లో దొరికింది. "నా దేశం మీ దుప్పటి, నా జనం అందులో పేలు" అని రాణికి కబురు పంపాడని చెప్తారు. దుప్పటి విదల్చకుండా ఉంచమని అడగడం అది. పన్నెండేళ్ల తర్వాత, అప్పుడు ఈ ప్రాంతాన్ని ఏలుతున్న బ్రిటిష్ కేప్ కాలనీ ప్రభుత్వం తుపాకులు అప్పగించమంటే ఇదే జనం ఒప్పుకోలేదు. ఈ గుర్రాల మీదే 1880, 81ల్లో పోరాడి తుపాకులు దక్కించుకున్నారు. 1910లో దక్షిణాఫ్రికా ఒక్కటైనప్పుడు ఇది అందులో కలవలేదు. 1966 అక్టోబర్ 4న స్వతంత్ర దేశమైంది. ఇప్పటి రాజు లెట్సియె 3 ఆ మొష్వేష్వే వంశంవాడే.

మా అమ్మాయి దుప్పటి గురించి అడిగింది. అందరూ ఎందుకు కప్పుకుంటారు, చలికేనా అని. ఇంటావిడ లేచి పెట్టెలోంచి ఒకటి తీసింది. సెయానామరేనా రకం. అంటే రాజు మీద ఒట్టు పెట్టేవాళ్లది అని అర్థం, అన్నిటికన్నా గౌరవమైనది. మెరూన్ రంగు మీద మొక్కజొన్న కంకి బొమ్మలు. కంకి సంతానానికి గుర్తు. 1860లో ఒక వర్తకుడు మొష్వేష్వేకి ఉన్ని దుప్పటి కానుకగా ఇచ్చాడని, అప్పటి నుంచి తోలు కప్పుకోవడం తగ్గి దుప్పటి వచ్చిందని చెప్తారు. వీటి మీద సన్నటి గీతలుంటాయి. మొదట్లో మగ్గం మీద పడ్డ తప్పేనట అది, జనానికి నచ్చి అలాగే ఉండిపోయింది. కప్పుకుంటే గీతలు నిలువుగా రావాలి, నిలువు గీత ఎదుగుదల. మగవాళ్లు కుడి భుజం మీద పిన్ను పెడతారు, ఆడవాళ్లు రొమ్ము మీద. ఆమె దాన్ని మా అమ్మాయికి కప్పి, పిన్ను పెట్టి, దూరం జరిగి చూసి, మళ్లీ వచ్చి గీతలు సరిచేసింది. పిల్ల కదలకుండా నిలబడింది.

ఆ దుప్పటి కొన్నది ఆమె భర్త. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఇరవై ఏళ్లు పనిచేశాడు. 1990 ప్రాంతంలో లక్షమందికి పైగా బసోతోలు ఆ గనుల్లో ఉండేవాళ్లు, ఇళ్లన్నీ ఆ జీతాల మీదే నడిచేవి. తర్వాత గనులు మనుషుల్ని తగ్గించుకుంటూ వచ్చాయి. ఆయన దగ్గుతో తిరిగొచ్చి పోయాడు. కొడుకు కూడా పోయాడు. ఎలా అని నేనడగలేదు. ఈ దేశంలో పెద్దవాళ్లలో ఐదుగురికి ఒకరు హెచ్‌ఐవీతో బతుకుతున్నారని, తల్లిదండ్రులు లేని మనవల్ని అవ్వలు పెంచుతున్న ఇళ్లు చాలా ఉన్నాయని తెలుసు. ఈమె ఇంట్లో ఇద్దరు మనవలు పొయ్యి పక్కన మా బూట్లు తుడుస్తున్నారు, ఎవరూ చెప్పకుండానే.

అప్పుడు నేను కొళాయి నీళ్ల సంగతి చెప్పాను. న్తాతె కాసేపు మాట్లాడలేదు. సెమొంకాంగ్ నీళ్లు అటు రావని, ఇవి సెంకు నదిలో కలిసిపోతాయని చెప్పాడు. తర్వాత, "మొహాలె నీళ్లు వస్తాయి మీకు. మా మేనత్త వాళ్ల ఊరు ఆ డ్యాము అడుగున ఉంది. వాళ్లని వేరే చోటికి పంపారు. ఆమె చేను బఠాణీ చేను" అన్నాడు. నాకేం చెప్పాలో తెలియలేదు. క్షమించమని అడిగితే ఆయన ఆశ్చర్యపోయాడు. "మీరేం చేశారు మ్మే. నీళ్లు తాగాలి కదా. బాగుంటాయా అవి, అంత దూరం వచ్చాక?" అన్నాడు. బాగుంటాయి న్తాతె, అన్నాను. ఆయన అది సెసోతోలో ఇంటావిడకి చెప్పాడు. ఆమె నవ్వి నా చెయ్యి పట్టుకుంది.

వెళ్లాలనుకునేవాళ్లకి కొన్ని సంగతులు. మరుగుదొడ్డి గుడిసెకి యాభై అడుగుల దూరంలో రేకుల గది, శుభ్రంగానే ఉంటుంది, కానీ రాత్రి టార్చి లేకపోతే కష్టం. రాత్రి చలికి వాళ్లిచ్చే రెండు దుప్పట్లు మాకు సరిపోలేదు, స్లీపింగ్ బ్యాగు తీసుకెళ్లండి. మోకాళ్లు, నడుము నొప్పులున్నవాళ్లు రెండు రోజుల స్వారీ పెట్టుకోకండి, రెండు గంటలు తిరిగొస్తే చాలు. నాకు రెండో రోజు తొడలు పట్టేసి దిగినప్పుడల్లా న్తాతె భుజం ఆసరా కావాల్సొచ్చింది. పదేళ్ల లోపు పిల్లల్ని తీసుకెళ్లమని నేను చెప్పను, ఆ జీను సంగతి చూశాక అసలు చెప్పను.

డబ్బు నోట్లే తీసుకెళ్లండి, చిన్నవి. వాళ్ల డబ్బు లోటి, ఎక్కువైతే మలోటి అంటారు. దక్షిణాఫ్రికా రాండ్‌తో సరిగ్గా సమానం, రాండ్ కూడా ఎక్కడైనా తీసుకుంటారు. చిల్లర మాత్రం మలోటిలో వస్తుంది, సరిహద్దు ఇవతల దుకాణాల్లో అది చెల్లదు, అక్కడే ఖర్చు పెట్టేసుకోండి. ఈ సర్వీసులో నాకు బాగా నచ్చిన పద్ధతి ఒకటుంది. డబ్బు మొత్తం ఒకరి చేతికి ఇవ్వక్కర్లేదు. గుర్రాల సొంతదారులకి వాళ్ల వాటా వాళ్ల చేతికి, గుడిసె అద్దె ఇంటావిడ చేతికి, దారి చూపినందుకు న్తాతెకి విడిగా ఇచ్చాను. అన్నీ కలిపినా జొహానెస్‌బర్గ్‌లో ఒక మంచి హోటల్లో ఒక రాత్రికి అయ్యేంత కాలేదు. ఇంటావిడకి అడిగినదానికన్నా కొంత ఎక్కువ ఇస్తే లెక్కపెట్టి, ఎక్కువైనది తిరిగి ఇచ్చేసింది. పిల్లల పుస్తకాలకి అని చెప్పాక తీసుకుంది, రెండు చేతులూ చాచి.

తిరిగొచ్చిన దారి వేరేది, నది ఒడ్డు వెంట, సులువైనది. పల్లె చేరగానే జీను విప్పితే నా గోధుమ రంగు గుర్రం నేల మీద పడి అటూ ఇటూ దొర్లి, లేచి, దుమ్ము దులుపుకుని కొండ మీదికి వెళ్లిపోయింది. న్తాతెతో ఆలస్యం గురించీ, నేర్పకపోవడం గురించీ, హెల్మెట్ల గురించీ మొహం మీదే చెప్పాను. విన్నాడు. గుర్రాల్ని రాత్రి ఊరి దగ్గరే కట్టేయించవచ్చన్నాడు. హెల్మెట్లు కొనడానికి గుర్రాల వాళ్లందరూ కూర్చుని మాట్లాడుకోవాలన్నాడు. అది ఎప్పటికవుతుందో నేను అడగలేదు.

జూలై 17 వాళ్ల రాజు పుట్టినరోజు. ఆ రోజుల్లో సెమొంకాంగ్‌లో గుర్రప్పందాలు జరుగుతాయట, మంచు ఉన్నా ఆగవట. మా అమ్మాయి వెళ్దామంటోంది, సెసోతోలో లెక్కపెట్టడం కూడా నేర్చుకుంటోంది. వెళ్తాం. ఈసారి మా సైజు హెల్మెట్లు మేమే కొనుక్కుని వెళ్తాం, తిరిగొచ్చేటప్పుడు అవి అక్కడే ఇచ్చేసి వస్తాం. నిమ్మకాయ పచ్చడి రెండు సీసాలు.